టీచర్ కావాలనుకునే పిల్లలకి వేసవి సెలవులు: తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల ఏ దారి మేలు?

పదో తరగతి పరీక్షలు అయిపోయాయంటే చాలు, ఎంపీసీనా బైపీసీనా అని ఇంట్లో చర్చ మొదలవుతుంది. ఆ సందట్లో "నేను టీచరవుతా" అన్న పిల్ల మాట ఎవరికీ వినబడదు, వినబడినా "చూద్దాంలే, ముందు ఇంటర్ కానీ" అంటారు. ఏప్రిల్ వచ్చిందంటే తిరుపతిలో ఏ గోడ చూసినా ఫౌండేషన్ కోర్సు, బ్రిడ్జి కోర్సు, స్పోకెన్ ఇంగ్లీషు బోర్డులే. టీచర్ పని ఎలా ఉంటుందో హైస్కూల్ పిల్లలకి చూపిస్తాం అనే బోర్డు మాత్రం నేనెక్కడా చూడలేదు. అమెరికాలో సౌత్ కరోలినా రాష్ట్రంలో 1980ల నుంచే 'టీచర్ కేడెట్' అని హైస్కూల్ పెద్ద తరగతులకి ఒక కోర్సు ఉంది, వాళ్ళు చదువుకుంటూనే చిన్న తరగతులకి వెళ్ళి ఆ పని దగ్గరగా చూసొస్తారు. మనకి అలా పేరు పెట్టి నడిపేది లేదు కాబట్టి దొరికేవాటిలోంచే ఏరుకోవాలి. కొన్ని బాగానే పనికొస్తాయి, కొన్ని ఉత్త డబ్బు దండగ.

ముందు ఇది తేల్చుకోవాలి

చాలామంది "టీచర్ పని నాకు నచ్చుతుందా లేదా" అని చూసుకోవడానికి వేసవి చాలనుకుంటారు. అది అంత తొందరగా తేలదు. వేసవిలో తేలేది, తేలాల్సింది ఇంకొకటి ఉంది: మీకు ఏ వయసు పిల్లలు సరిపడతారు అన్నది. అఆలు దిద్దించే వయసు పిలకాయలా, లేక బీజగణితం దగ్గర తలగోక్కునే ఎనిమిదో తరగతి వాళ్ళా?

ఇది ఇప్పుడే ఎందుకంటే, ఇంటర్ అవ్వగానే దారి చీలిపోతుంది. చిన్న తరగతులకి చెప్పాలంటే డీఈఈసెట్ అనే ప్రవేశపరీక్ష రాసి రెండేళ్ళ డీఎల్ఎడ్ (చిన్న తరగతుల టీచర్ శిక్షణ) చేయాలి, అది ఎస్జీటీ (సెకండరీ గ్రేడ్ టీచర్) పోస్టుకి దారి. హైస్కూల్లో సబ్జెక్టు చెప్పాలంటే డిగ్రీ చేసి, ఎడ్‌సెట్ రాసి రెండేళ్ళ బీఎడ్, అది స్కూల్ అసిస్టెంట్ దారి. 2018లో టీచర్ చదువుల జాతీయ మండలి ఎన్‌సీటీఈ ఇచ్చిన ఒక నోటిఫికేషన్ పుణ్యమా అని బీఎడ్ వాళ్ళు కూడా, ఉద్యోగం వచ్చాక ఆరు నెలల బ్రిడ్జి కోర్సు చేస్తామన్న షరతు మీద, ఒకటి నుంచి ఐదు తరగతుల పోస్టులకి పోటీ పడేవాళ్ళు. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పుతో ఆ తలుపు మూసుకుంది. అంటే బీఎడ్ చేసి "దేనికైనా వెళ్ళొచ్చులే" అనుకునే రోజులు పోయాయి. ఇంకో దారి, ఇంటర్ తర్వాత నేరుగా నాలుగేళ్ళలో డిగ్రీ, బీఎడ్ కలిపి చేసే ఐటెప్, దీనికి జాతీయ పరీక్షల సంస్థ ఎన్‌టీఏ పెట్టే ఎన్‌సెట్ రాయాలి, మన తిరుపతి జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయంలో కూడా ఈ కోర్సు ఉంది. 2030 నాటికి టీచర్ ఉద్యోగానికి ఈ నాలుగేళ్ళ చదువే కనీస అర్హత కావాలని 2020 జాతీయ విద్యావిధానం చెప్తోంది. అందులో కూడా చిన్న పిల్లల దశ, ప్రాథమిక దశ, మాధ్యమిక దశ, సెకండరీ దశ అని విభాగాలున్నాయి. ఏ దారిన పోయినా వయసు ప్రశ్న తప్పించుకోలేరు.

ప్రభుత్వ టీచర్ల నియామకానికి పెట్టిన 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులిచ్చారు, అందులో ఎస్జీటీ 6,371, స్కూల్ అసిస్టెంట్ 7,725. అంటే రెండు వైపులా అవకాశముంది. అయితే 2018 తర్వాత పెద్ద డీఎస్సీ మళ్ళీ 2025లోనే జరిగిందన్నది కూడా అమ్మానాన్నలకి తెలిసుండాలి, మధ్యలో ఎంతమంది ప్రైవేటు బడుల్లో చాలీచాలని జీతానికి ఏళ్ళు గడిపారో మీ వీధిలోనే ఎవర్నడిగినా చెప్తారు.

కాబట్టి ఏ వేసవి ప్రోగ్రాం గురించి విన్నా నేను చూసేవి మూడే. అక్కడ నిజంగా పిల్లలతో మాట్లాడే పని ఉందా? ఆ పిల్లలే కనీసం రెండు మూడు వారాలు వస్తారా, లేక రోజుకొక గుంపా? మీరు చెప్పేది చూసి "ఇక్కడ తొందరపడ్డావు" అని చెప్పే పెద్ద దిక్కు ఉందా? సర్టిఫికెట్ ఇస్తారా అన్నది నేను అడగను. డీఈఈసెట్ అయినా ఎన్‌సెట్ అయినా పరీక్షలో వచ్చిన ర్యాంకు మీదే సీటు, వేసవి సర్టిఫికెట్‌కి అక్కడ అర మార్కు కూడా రాదు.

ప్రైవేటు సమ్మర్ క్యాంపుల్లో వాలంటీర్

అందరికీ ముందు దొరికేది ఇదే. డ్రాయింగ్, డాన్సు, కరాటే, అబాకస్ అని నెల రోజుల క్యాంపు పెడతారు, అందులో పదో తరగతి, ఇంటర్ పిల్లల్ని "అసిస్టెంట్ టీచర్" అని తీసుకుంటారు. వినడానికి బాగుంటుంది. చేసే పని ఏమిటంటే నీళ్ళ బాటిళ్ళ మీద పేర్లు రాయడం, చిన్నవాళ్ళని బాత్రూంకి తీసుకెళ్ళడం, చివరి రోజు ప్రోగ్రాంకి కుర్చీలు వేయడం. వంట నేర్చుకుందామని పెళ్ళికి వెళితే వడ్డనకి నిలబెట్టినట్టు ఉంటుంది వ్యవహారం. చిన్న పిల్లల గోల మీకు ఓర్చుకోగలిగేదేనా అన్నది మాత్రం ఇక్కడ రెండు రోజుల్లో తెలిసిపోతుంది, ఆ మటుకు లాభమే.

ఇంకో రకం ఉంది, పిల్లల దగ్గరే ఫీజు తీసుకుని "లీడర్‌షిప్, టీచింగ్ స్కిల్స్" నేర్పిస్తామనేది. అక్కడ మీ ఎదురుగా కూర్చునేవాళ్ళు మీ ఈడువాళ్ళే, పాఠం చెప్పడం అంటే ఒకరికొకరు స్టేజీ మీద మాట్లాడుకోవడమే. మైకు ముందు బెరుకు పోవాలంటే పర్వాలేదు, వెళ్ళండి. టీచర్ పని చూడాలంటే వద్దు.

ట్యూషన్ సెంటర్‌లో సాయం

సబ్జెక్టు మీద ఇష్టం ఉన్నవాళ్ళకి, పై తరగతుల పిల్లలే నయం అనుకునేవాళ్ళకి, కొంచెం డబ్బు కూడా కావాలనుకునేవాళ్ళకి ఇది మంచిదే, కానీ చూసి వెళ్ళాలి. కేంద్రం 2024 జనవరిలో ఇచ్చిన కోచింగ్ సెంటర్ల మార్గదర్శకాల ప్రకారం 50 మందికి మించి పిల్లలున్న సెంటర్లో పాఠం చెప్పేవాళ్ళకి కనీసం డిగ్రీ ఉండాలి. కాబట్టి పెద్ద సెంటర్ వాళ్ళు ఇంటర్ అబ్బాయిని పట్టుకుని "రేపట్నుంచి ఏడో తరగతి లెక్కలు నువ్వే" అంటే అది మీ గొప్పతనం అనుకోకండి, జీతం మిగుల్చుకునే ఎత్తు. మీరు అక్కడ చేయదగింది డౌట్లు చెప్పడం, నోట్సు దిద్దడం, వెనకబడిన ఇద్దరు ముగ్గుర్ని పక్కన కూర్చోబెట్టుకోవడం. ఇల్లే సెంటర్‌గా నడిపే ఒక మాస్టారో మేడమో దొరికితే ఇంకా మంచిది, ఎందుకంటే మీరు చెప్పేది వాళ్ళ చెవిన పడుతూనే ఉంటుంది. ప్రభుత్వ టీచర్లు ప్రైవేటు ట్యూషన్ చెప్పకూడదని విద్యాహక్కు చట్టంలోనే ఉంది, అందుకని మీ బడి సారుని "సార్, మీ ట్యూషన్లో సాయం చేస్తా" అని అడిగి ఆయన్ని ఇబ్బంది పెట్టకండి.

ఇక్కడ నేర్చుకునేది ఏమిటో ఒక ఉదాహరణ చెప్తా. 1/2 కి 1/3 కలపమంటే పిల్లాడు 2/5 అని రాస్తాడు. తప్పని కొట్టేసి, కసాగు తీసుకోమని చెప్పి, 5/6 రాయించి పంపేయొచ్చు, సెంటర్లలో ఎక్కువగా జరిగేది అదే, టైముండదు మరి. కానీ 2/5 అనేది సగం కంటే తక్కువ కదా, సగానికి ఇంకొంత కలిపితే సగం కంటే తగ్గుతుందా అని ఆ పిల్లాడినే అడిగి చూడండి. వాడి మొహంలో ఏదో కదులుతుంది. అది చూసినప్పుడు మీకు ఉషారొస్తే హైస్కూల్ వైపు ఆలోచించండి. పదో పిల్లాడు కూడా అదే తప్పు రాసేసరికి విసుగు మాత్రమే వస్తే అదీ గుర్తుపెట్టుకోండి, ముప్ఫై ఏళ్ళ సర్వీసంతా అదే తప్పు కనబడుతుంది.

జాగ్రత్తలు రెండు. ఎంతిస్తారో, ఎన్ని గంటలో మొదటి రోజే మాట్లాడుకోవాలి, "చూద్దాంలే అమ్మా" అంటే చూడరు. రెండోది, ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరడిగినా ఇవ్వకూడదు, జిరాక్సు చాలు. సాయంత్రం బ్యాచీలు ఎనిమిది దాటుతాయి కాబట్టి ఆడపిల్లలయితే ఇంట్లోవాళ్ళు ఒకసారి వెళ్ళి చూసి రావడం మంచిది.

ఏప్రిల్‌లో ప్రాథమిక పాఠశాల: ఎక్కువమంది వదిలేసుకునే మంచి అవకాశం

దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. పదో తరగతి పరీక్షలు మార్చి నెలాఖరుకో ఏప్రిల్ మొదటికో అయిపోతాయి. చిన్న బడులు ఒంటిపూట ఏప్రిల్ 23 దాకా నడుస్తాయి. అంటే పదో తరగతి అయిపోయిన మీకు దాదాపు మూడు వారాలు ఖాళీ, మీ ఊరి బడి మాత్రం నడుస్తూనే ఉంటుంది. ఇంతకంటే మంచి ప్రోగ్రాం ఎవరూ డబ్బిచ్చినా పెట్టలేరు. నిజం బడి, నిజం పిల్లలు, చేయి తిరిగిన టీచరు పక్కనే.

మీ హైస్కూల్ హెచ్చెం దగ్గర ఒక చిన్న ఉత్తరం రాయించుకోండి, ఫలానా విద్యార్థి మా బడిలో చదివాడు, టీచర్ పని చూడాలనుకుంటున్నాడు అని. దాంతో మీరు చదువుకున్న మండల పరిషత్ బడికే వెళ్ళి అక్కడి హెచ్చెం సారునో మేడమునో అడగండి. చాలామంది సంతోషంగానే ఒప్పుకుంటారు, కొందరు "ఎంఈఓ గారిని అడగాలి" అంటారు, అడగనివ్వండి. క్లాసు మొత్తం మీకు అప్పజెప్పమని అడగొద్దు, అది వాళ్ళు చేయకూడదు కూడా. మొదటి రెండు రోజులు వెనక కూర్చుని చూడండి, తర్వాత ఒక కథ చదువుతా, నలుగురికి గుణింతాలు రాయిస్తా అనండి.

చూడాల్సింది ఏమిటంటే, మన మండలాల్లో చాలా బళ్ళలో ఒకరో ఇద్దరో టీచర్లే ఉంటారు, ఒకటీ రెండూ కలిపి ఒక గదిలో, మూడూ నాలుగూ ఐదూ కలిపి ఇంకో గదిలో. ఒక తరగతికి చెప్తుంటే మిగతా రెండు తరగతులు ఏం చేస్తున్నాయి? అందరికీ ఏదో ఒక పని ఎలా ఇస్తున్నారు? ఈ చిక్కు మీదే మన పాత చిత్తూరు జిల్లాలోనే పెద్ద పని జరిగింది. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ వాళ్ళు చుట్టుపక్కల పల్లెల చిన్న బడుల కోసం కార్డులతో, మెట్లలాంటి పట్టికతో ఒక పద్ధతి తయారుచేశారు, ప్రతి పిల్లా తనెక్కడున్నదో చూసుకుని తన మెట్టు మీది కార్డు తెచ్చుకుని పని చేసుకుంటుంది, టీచరు అవసరమైనవాళ్ళ దగ్గర కూర్చుంటారు. ఆ పద్ధతి దేశంలో చాలా రాష్ట్రాలకి పాకింది. అక్కడికి వెళ్ళి చూడాలంటే ముందుగా రాసి అనుమతి తీసుకోవాలి, ఊరికే బస్సెక్కి వెళ్ళిపోతే కుదరదు.

ఇంకో సంగతి, నగరి, సత్యవేడు, కుప్పం వైపు వాళ్ళకి బాగా తెలిసిందే: ఇంట్లో అరవం మాట్లాడే పిల్లలు బడిలో తెలుగు, ఇంగ్లీషు రెండూ ఒకేసారి మోయాలి. ఒకటో తరగతిలో అలాంటి పిల్ల పక్కన వారం కూర్చుంటే "వీళ్ళకి తలకెక్కదు" అనే మాట ఇంకెప్పుడూ అనరు.

డీఎల్ఎడ్ చేయాలా వద్దా అన్న సందేహానికి ఇంతకంటే మంచి మందు నాకు తెలీదు. కార్వేటినగరం డైట్ (ప్రభుత్వ టీచర్ శిక్షణ సంస్థ) దగ్గర్లో ఉన్నవాళ్ళయితే అక్కడ చదివే అక్కల్ని, అన్నల్ని పట్టుకుని వాళ్ళ పాఠ్యపథకాల రికార్డులు చూడండి, ఒక్క అరగంట పాఠానికి ఎంత రాస్తారో చూస్తే కళ్ళు తిరుగుతాయి, అది కూడా ఈ ఉద్యోగంలో భాగమే.

ఇంటర్ వాళ్ళకి ఇది కుదరడం కష్టం. కొత్త క్యాలెండర్ ప్రకారం రెండో సంవత్సరం క్లాసులు ఏప్రిల్ ఒకటికే మొదలవుతున్నాయి, సెలవులు వచ్చేసరికి చిన్న బడులు కూడా మూసేస్తారు. వాళ్ళకి మిగిలేది మే నెల.

మీ మిద్దె మీదే

మే నెలలో నా ఓటు దీనికే. వీధిలో ఎనిమిది పదిమంది పిలకాయల్ని పోగేసి, రోజూ ఉదయం ఏడు నుంచి ఎనిమిదిన్నర దాకా. సాయంత్రం పెడదామనుకోకండి, తిరుపతిలో మే నెల మిద్దె రాత్రి ఎనిమిదయినా పెనంలా ఉంటుంది, సాయంత్రమే కుదిరితే వసారానో గుడి మండపమో చూసుకోవాలి. దీనికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఫీజు లేదు, ఆటో ఛార్జీ లేదు. ఉన్న లోటల్లా మిమ్మల్ని చూసి సరిదిద్దేవాళ్ళు లేకపోవడమే, దానికి కింద ఒక ఉపాయం చెప్తాను.

మొదటి రోజు ఏ తరగతి అని అడగొద్దు. ఐదో తరగతి పిల్ల రెండో తరగతి కథ చదవలేకపోవచ్చు, రెండో తరగతి పిల్లాడు గడగడా చదివేయొచ్చు. పిల్లలకి చదవడం, లెక్కలు ఎంతవరకు వచ్చో చూడటానికి ప్రథమ్ సంస్థ 2005 నుంచి చేస్తున్న అసర్ సర్వేలో వాడే పరీక్ష కాగితం తెలుగులో ఉచితంగా దొరుకుతుంది. ఒక పేజీలో అక్షరాలు, పదాలు, ఒకటో తరగతి స్థాయి చిన్న పేరా, రెండో తరగతి స్థాయి కథ. లెక్కలకి ఇంకో పేజీ, 1 నుంచి 9 అంకెలు గుర్తుపట్టడం, 11 నుంచి 99, అప్పు తీసుకునే తీసివేత, మూడంకెల సంఖ్యని ఒక అంకెతో భాగించడం. ఒక్కొక్కరిని విడిగా కూర్చోబెట్టుకుని చదివించండి, పిల్లకి పది నిమిషాలు చాలు. దాన్ని బట్టి గుంపులు చేయండి, అక్షరాల దగ్గర ఉన్నవాళ్ళు ఒకవైపు, పదాల దగ్గర ఉన్నవాళ్ళు ఇంకోవైపు. తరగతిని బట్టి కాకుండా వచ్చినదాన్ని బట్టి చెప్పే ఈ పద్ధతి మీద పరిశోధనలు చేసినవాళ్ళలో 2019 నోబెల్ వచ్చిన అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో కూడా ఉన్నారు, కాబట్టి "ఇదేం పద్ధతి" అని ఎదురింటి మామ అంటే ఆ పేర్లు చెప్పండి, ఊరుకుంటాడు.

లెక్కల్లో 52 లోంచి 27 తీసేయమంటే 35 అని రాసేవాళ్ళు తప్పకుండా ఒకరిద్దరు ఉంటారు. 2 లోంచి 7 పోదు కదా, అందుకని 7 లోంచి 2 తీసేశారు, వాళ్ళ లెక్కలో అది సబబే. చీపురు పుల్లలు పదేసి కట్టలు కట్టి, ఐదు కట్టలు, రెండు విడి పుల్లలు చేతికిచ్చి 27 ఇమ్మని అడగండి. ఒక కట్ట విప్పక తప్పదు. ఆ విప్పడమే అప్పు తీసుకోవడం అని మీరు చెప్పేలోపే వాళ్ళే చెప్పేస్తారు ఒక్కోసారి.

చదవడానికి కథలు కొనక్కర్లేదు, ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్‌లో తెలుగు బొమ్మల కథలు స్థాయిలవారీగా ఉచితంగా ఉన్నాయి. మే నెలలో గంగజాతర వస్తుంది, తిరుపతిలో ఆ వారం పిల్లలెవరూ మీ మాట వినరు, మొహానికి రంగులు పూసుకుని వీధుల్లో ఉంటారు. సెలవు ఇచ్చేయకండి, ఆ వారం పాఠం జాతరే. బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి, వేషాల పేర్లన్నీ బోర్డు మీద రాయించండి, ఏ రోజు ఎవరు ఏం వేశారో రెండు వాక్యాలు రాయమనండి. పుస్తకం చూస్తే ఆవలించే పిల్లాడు కూడా రాస్తాడు.

డబ్బు తీసుకోవాలా అని అడుగుతారు. తీసుకోవద్దనే నా సలహా, పుణ్యం కోసమని కాదు. డబ్బు తీసుకుంటే మూడో రోజునుంచే "మావాడికి ఎక్కాలు వచ్చాయా, హాలిడే హోంవర్క్ అయిందా" అని అమ్మలు గేటు దగ్గర నిలబడతారు, మీరు మీకు నచ్చినట్టు ప్రయత్నించి చూసే స్వేచ్ఛ పోతుంది. సుద్దముక్కలకి, కాగితాలకి తలా ఇరవయ్యో ముప్ఫయ్యో అడిగితే చాలు.

ఇక చూసేవాళ్ళు లేరన్న లోటు సంగతి. మీ వీధిలోనో బంధువుల్లోనో రిటైరైన టీచరమ్మ ఒకరు ఉండకపోరు. వారానికి ఒకసారి వచ్చి అరగంట కూర్చోమనండి, కాఫీ ఇవ్వండి. ఆవిడ ఏమీ చెప్పకపోయినా మీరే సర్దుకుంటారు, చెప్తే ఇంకా మంచిది. లేదంటే ఫోను ఒక మూల పెట్టి మీ పాఠం మీరే రికార్డు చేసుకుని వినండి. మీరు ఎంతసేపు మాట్లాడారు, పిల్లలు ఎంతసేపు మాట్లాడారు, అదొక్కటి గమనిస్తే చాలు. ఆ వీడియోలు ఎక్కడా పెట్టకండి, పిల్లల మొహాలు వాట్సాప్ స్టేటస్‌లో పెట్టడానికి మనకి హక్కు లేదు.

లైబ్రరీ, సైన్స్ సెంటర్, ఇంకొన్ని

వేసవిలో జిల్లా గ్రంథాలయ సంస్థ కింద ఉండే శాఖా గ్రంథాలయాల్లో పిల్లలకి వేసవి శిబిరాలు పెడతారు, కథలు చదవడం, బొమ్మలు, చదరంగం లాంటివి. చాలాచోట్ల లైబ్రేరియన్ ఒక్కరే ఉంటారు, సాయానికి ఎవరైనా వస్తే వద్దనరు. కథ చదివి వినిపించడం మీకు ఇష్టమైతే ఇది చక్కటి చోటు. ఇబ్బంది ఏమిటంటే ఈ రోజు వచ్చిన పిల్లలు రేపు వస్తారన్న నమ్మకం లేదు, కాబట్టి ఒకరు ఎంత మెరుగయ్యారో మీకు తెలియదు. మిద్దె మీద క్లాసు పెట్టే ధైర్యం లేనివాళ్ళు ముందు ఇక్కడ ఒక వారం చూసుకోవచ్చు.

అలిపిరి దగ్గర రీజనల్ సైన్స్ సెంటర్ ఉంది. ప్రయోగం చూపిస్తూ మాట్లాడేవాళ్ళు పదిమందిని ఎలా ఆపి నిలబెడతారో చూడటానికి ఒకటి రెండుసార్లు వెళ్ళండి, తర్వాత ఇంటికొచ్చి అరవింద్ గుప్తా వెబ్‌సైటులో పనికిరాని వస్తువులతో చేసే బొమ్మలు చూసి మీరే చేయండి. జనవిజ్ఞాన వేదిక వాళ్ళు మీ ఊళ్ళో పిల్లల కార్యక్రమం పెడితే సాయానికి వెళ్ళండి, అక్కడ ఎక్కువగా ఉండేది టీచర్లే, పరిచయాలు అవుతాయి.

వినికిడి లోపం ఉన్న పిల్లలకి చెప్పాలని ఉన్నవాళ్ళు తిరుపతిలో టీటీడీ నడిపే బధిరుల పాఠశాల గురించి తెలుసుకోండి. ఆ దారికి వేరే చదువు కావాలి, పునరావాస మండలి గుర్తించిన స్పెషల్ ఎడ్యుకేషన్ కోర్సు, అందుకని ముందే తెలియడం మంచిది.

ఆన్‌లైన్ కోర్సుల గురించి రెండు ముక్కలు. ప్రభుత్వ దీక్షా యాప్‌లో మన పాఠ్యపుస్తకాల వీడియోలు చూసి, ఒక పాఠాన్ని ఇంకొకరు ఎలా చెప్పారో పోల్చుకోవడం వరకు మంచిది. "బోధనా నైపుణ్యాలు" అని డబ్బు కట్టించుకునే పది గంటల వీడియోలు వద్దు. పిల్లలు లేని బోధన నేర్చుకోవడం కుదరదు.

ఎవరికి ఏది

పదో తరగతి ఇప్పుడే అయిపోయినవాళ్ళకి ఏప్రిల్లో బడి, మేలో మిద్దె, ఈ రెండూ కలిపితే వేరే ఏదీ వెతుక్కోనక్కర్లేదు. జూన్ 12కి బడులు తెరుస్తారు, ఆ ముందు వారమే మీ క్లాసు ముగించి, మొదటి రోజు చేసిన చదివే పరీక్ష మళ్ళీ ఒకసారి చేయండి, ఎవరు ఎక్కడినుంచి ఎక్కడికి వచ్చారో మీరు రాసిపెట్టుకున్నదాంట్లోనే కనబడుతుంది. ఇంటర్ మొదటి సంవత్సరం అయినవాళ్ళకి మే నెలలో మిద్దె గానీ ట్యూషన్ గానీ, రెండూ పెట్టుకుంటే ఏదీ సరిగ్గా చేయరు. ఇంటర్ పూర్తయి డీఈఈసెట్, ఎన్‌సెట్ రాసేవాళ్ళకి ముందు పరీక్ష ముఖ్యం, పరీక్ష అయ్యాక లైబ్రరీలో వారం చాలు. ఇంట్లో డబ్బు అవసరం ఉన్నవాళ్ళు మొహమాటం లేకుండా ట్యూషన్ సెంటర్‌కే వెళ్ళండి, అక్కడ కూడా నేర్చుకునేది ఉంది, నలుగురు వెనకబడిన పిల్లల్ని నాకివ్వండి అని మీరే అడిగి తీసుకుంటే సరి.

మా అమ్మాయిని దూరం పంపలేం అనే ఇళ్ళకి మిద్దె క్లాసు ఎలాగూ ఉంది. ఫీజు కట్టి పంపే క్యాంపు మాత్రం, ఎంత పెద్ద బ్యానర్ కట్టినా, ఈ పనికి చివరి స్థానం.

ఇంటర్ గ్రూపు సంగతి

వేసవి అయిపోయేలోపు తీసుకోవాల్సిన నిర్ణయం ఇది కాబట్టి చెప్తున్నా. డీఎల్ఎడ్‌కి ఏ గ్రూపు వాళ్ళయినా వెళ్ళొచ్చు, డీఈఈసెట్‌లో గణితం, భౌతికశాస్త్రం, జీవశాస్త్రం, సాంఘికశాస్త్రం అని విభాగాలుంటాయి, ఇంటర్‌లో చదివినదాన్ని బట్టి రాస్తారు. ఇంటర్‌లో 50 శాతం మార్కులు ఉండాలి, కొన్ని రిజర్వేషన్ వర్గాల వాళ్ళకి 45. చిన్న పిల్లలే నాకు సరి అని ఏప్రిల్లోనే తేలిపోయినవాళ్ళు ఇష్టంలేని ఎంపీసీలో రెండేళ్ళు నలిగిపోనక్కర్లేదు, హెచ్ఈసీ తీసుకున్నా ఎస్జీటీ అవుతారు, కాకపోతే ఐదో తరగతి దాకా లెక్కలు కూడా మీరే చెప్పాలి కాబట్టి లెక్కలంటే భయముంటే ఆ పుల్లల కట్టలతో ముందు మీరు స్నేహం చేసుకోవాలి. హైస్కూల్ వైపు అయితే అంత తేలిగ్గా ఉండదు. బీఎడ్‌లో మెథడాలజీ డిగ్రీ సబ్జెక్టుని బట్టే వస్తుంది, లెక్కల సారు కావాలంటే డిగ్రీలో లెక్కలుండాలి, దానికి ఇంటర్‌లో ఎంపీసీ, జీవశాస్త్రం మేడం కావాలంటే బైపీసీ. తెలుగు పండిట్ దారి మళ్ళీ వేరు, దానికి డిగ్రీలో ప్రత్యేక తెలుగో, ఓరియంటల్ చదువో ఉండాలి. అడ్మిషన్ ఫారం నింపే ముందు ఇంట్లోవాళ్ళతో కలిసి కిందటి డీఎస్సీ నోటిఫికేషన్‌లో అర్హతల పేజీ ఒకసారి చదవండి, అది ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, తెలియని మాట ఉంటే మీరు ఏప్రిల్లో వెళ్ళొచ్చిన బడి మేడమునే అడగండి, ఆ పేజీ ఆవిడకి కంఠతా వచ్చి ఉంటుంది.